పక్కింటివాళ్ళ బిల్డింగుతో మాకు సముద్రం కనబడటం లేదు, కిటికీలకి అడ్డంగా రేకులు కూడా కట్టారు. చట్టం ఏమంటుంది?

విశాఖ వాసి
అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదివి సలహా ఇవ్వండి. మాది విశాఖలో కొండవాలు మీద ఉన్న కాలనీ. 1998లో కట్టిన మేడ ఇల్లు, కింద ఒక వాటా పైన ఒక వాటా, 2009లో కొన్నాం. తూర్పున పల్లంలో ఖాళీ స్థలం ఉండేది, దాని మీదుగా పై బాల్కనీలోంచి సముద్రం బాగా కనబడేది. ఆ బాల్కనీలో నిలబడి చూశాకే మా నాన్నగారు బేరం కూడా ఆడకుండా అడ్వాన్స్ ఇచ్చారు. ఆ ఖాళీ స్థలం 2014లో వేరేవాళ్ళు కొని చాలా ఏళ్ళు అలాగే వదిలేశారు. ఇప్పుడు పని మొదలుపెట్టి రెండు శ్లాబులు వేసేశారు, మొత్తం నాలుగు అంతస్తులంట.

అది ఒక బాధ అయితే, మధ్యలో ఉన్న కాంపౌండ్ వాల్ మీద ఇనప యాంగిల్స్ బిగించి రేకులు కట్టారు. అడిగితే మీ కిటికీల్లోంచి మా ఇంట్లోవాళ్ళు కనబడతారు అంటున్నారు. మా వంటగది కిటికీ, అమ్మ పడుకునే గది కిటికీ రెండూ ఆ రేకుల వెనక పడిపోయాయి. పగటిపూట కూడా లైటు వేసుకోవాల్సి వస్తోంది, గాలి అసలు లేదు. పైగా ఆ గోడ మా స్థలంలోకి జానెడు జరిగిందని మా అనుమానం, టేపు పెట్టి కొలిస్తే డాక్యుమెంట్‌లో ఉన్న కొలతకీ గోడ దగ్గరికీ లెక్క కుదరడం లేదు.

మున్సిపల్ ఆఫీసుకి వెళ్తే పోలీసుల దగ్గరికి వెళ్ళమన్నారు, పోలీసులు ఇది సివిల్ మ్యాటర్ అన్నారు. సముద్రం చూసే హక్కు మాకుందా? కోర్టుకి వెళ్తే పని ఆగుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

నిజాంపేట గృహిణి
అయ్యో, అమ్మగారి గదికి గాలి లేకపోతే ఎంత కష్టమో నాకు తెలుసండీ, మా అత్తగారికి ఆయాసం. సముద్రం సంగతి తర్వాత, ముందు ఆ రేకుల సంగతి చూడండి. గొడవ పడకుండా ఇంట్లో పెద్దవాళ్ళని పంపి ఒకసారి మాట్లాడించండి. ఒకసారి మాటామాటా అనుకుంటే ఇక ఇరవై ఏళ్ళు ఎదురుబొదురు మొహాలు చూసుకోలేం.

సివిల్ వకీలు, కాకినాడ
విశాఖ వాసి గారూ, మీకు నచ్చని మాట ముందే చెప్పేస్తాను. సముద్రం చూసే హక్కు అనేది మన చట్టంలో లేదు. ఇది ఇవాళ్టి మాట కూడా కాదు. ఇంగ్లండులో 1610లో ఆల్‌డ్రెడ్ కేసులోనే కోర్టు తేల్చింది, వెలుతురు, మంచి గాలి మనిషికి అవసరం కాబట్టి వాటికి అడ్డం వస్తే దావా వేయవచ్చు, అందమైన దృశ్యం మనసుకి ఆనందమే గానీ అవసరం కాదు కాబట్టి దానికి దావా లేదు అని. మన కోర్టులూ అదే దారిలో నడిచాయి. ఎంత డబ్బు పోసి ఆ బాల్కనీ కోసం కొన్నా సరే, పక్క స్థలం ఖాళీగా ఉంచాలని పక్కాయన మీకు రాసి ఇవ్వనంతవరకు ఆయన కట్టుకోవచ్చు. ఈ ఒక్కటీ మనసులోంచి తీసేస్తే మిగతా కేసు మీకు బాగానే ఉంది, నేను ఉత్తుత్తి ధైర్యం చెప్పడం లేదు.

వెలుతురూ గాలీ వేరే సంగతి. 1882 నాటి, పక్క స్థలం మీద మనకుండే వాడుక హక్కుల గురించిన ఈజ్‌మెంట్స్ చట్టంలో 15వ సెక్షన్ ప్రకారం ఒక కట్టడంలోని కిటికీకి వెలుతురు, గాలి ఇరవై ఏళ్ళు అడ్డంకి లేకుండా, గొడవ లేకుండా, హక్కుగా వస్తూ ఉంటే అది చట్టబద్ధమైన హక్కు అవుతుంది. పక్కది ప్రభుత్వ స్థలమైతే ముప్పై ఏళ్ళు. అయితే కొంచెం మసకబారినంత మాత్రాన సరిపోదు. 33వ సెక్షన్ ప్రకారం నష్టం గట్టిగా ఉండాలి, అంటే ఇంట్లో మనిషి సుఖంగా ఉండటానికి బాగా ఇబ్బంది కావాలి, లేదా ఆ గదిలో ఎప్పటినుంచో చేసుకుంటున్న పని చేసుకోలేకపోవాలి. వంటగదిలో పగలు లైటు లేకుండా కూర తరగలేకపోతున్నారంటే అది ఆ కోవలోకే వస్తుందని వాదించవచ్చు.

ఒక్కటి చెప్పండి. 1998 నుంచి 2009 దాకా మీ ఇల్లు ఎవరిది, ఆ ఖాళీ స్థలం ఎవరిది?

లైసెన్స్‌డ్ ఇంజినీర్
వకీలు గారు హక్కుల సంగతి చెప్పారు, నేను ప్లాన్ సంగతి చెప్తాను. చాలామంది ఈజ్‌మెంట్ అంటూ ఏళ్ళ తరబడి తిరుగుతారు గానీ పక్కాయన సెట్‌బ్యాక్, అంటే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ, వదిలాడా లేదా అని మాత్రం చూడరు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119 బిల్డింగ్ రూల్స్ ఉన్నాయి, తెలంగాణలో 2012 నాటి జీవో 168. రెండిట్లోనూ ప్లాటు ఎంత, బిల్డింగ్ ఎత్తెంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు అనేదాన్ని బట్టి చుట్టూ వదలాల్సిన ఖాళీ మారుతుంది. నాలుగు అంతస్తులకి వదలాల్సిన ఖాళీ రెండంతస్తులకి వదిలేదానికంటే ఎక్కువ. అప్రూవ్డ్ ప్లాన్‌లో ఒకటి చూపించి సైటులో ఇంకోటి కట్టడం మన ఊళ్ళలో ఎంత మామూలో మీకందరికీ తెలుసు.

సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీకి అర్జీ పెట్టి ఆ ఇంటి అప్రూవ్డ్ ప్లాన్ కాపీ అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ప్లాన్ చేతికొచ్చాక సైటులో ఖాళీ ఎంత వదిలారో కొలిచి తేడాని ఫొటోలతో సహా రాసి ఫిర్యాదు ఇస్తే అప్పుడు పోలీసుల దగ్గరికి పొమ్మనడం వాళ్ళకి కుదరదు, ఎందుకంటే ప్లాన్ అతిక్రమణ చూడాల్సింది వాళ్ళే. ఇంకోటి, ఒక పరిమాణం దాటిన బిల్డింగులకి పది శాతం విస్తీర్ణం మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో చేరొచ్చనే అనుమతి) వచ్చాకే అది విడుదల అవుతుంది. తేడాలు రికార్డులోకి ఎక్కితే ఆ సర్టిఫికెట్ దగ్గర ఆగుతుందని ఏ బిల్డర్‌కైనా భయం ఉంటుంది.

కాంపౌండ్ వాల్ ఎత్తుకి కూడా లెక్క ఉంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ముందున్న వీధి మధ్య గీత నుంచి 1.5 మీటర్లు, పైన 0.9 మీటరు జాలీలాగా గాలి ఆడేట్టు పెడితే 2.4 మీటర్ల దాకా వెళ్ళొచ్చు. కోడ్‌ని లోకల్ రూల్స్‌తో కలిపి చూడాలి, అయినా నిండు రేకులు దీనికి ఏ రకంగా సరిపోతాయో వాళ్ళే చెప్పాలి.

ఫ్రీమాంట్ తెలుగు
సముద్రం విషయంలో అమెరికా కూడా ఇంతే అన్నా. మయామీ బీచ్‌లో ఫాంటెన్‌బ్లూ హోటల్ 14 అంతస్తుల కొత్త భాగం కడుతుంటే, చలికాలంలో మధ్యాహ్నం రెండు దాటగానే దాని నీడ పక్కనున్న ఈడెన్ రాక్ హోటల్ ఈతకొలను మీద పడుతుందని వాళ్ళు కోర్టుకి వెళ్ళారు. 1959లో ఫ్లోరిడా అప్పీల్ కోర్టు ఈడెన్ రాక్‌కి ఏ హక్కూ లేదని తేల్చింది, పంతంతో కట్టారని ఒకవేళ అనుకున్నా సరే, కట్టడానికి పనికొచ్చే కారణం ఉంది కాబట్టి ఆపలేం అంది. అక్కడ ఇరవై ఏళ్ళ వెలుతురు లెక్క కూడా లేదు, ఆ రకంగా మనకే నయం.

కాకపోతే పంతం కోసమే కట్టే గోడల మీద కొన్ని రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. మా కాలిఫోర్నియాలో పక్కవాళ్ళని ఏడిపించడానికే 10 అడుగులు దాటి కంచె కడితే అది న్యూసెన్స్ అవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1870ల్లో చార్ల్స్ క్రాకర్ అనే రైల్వే కోటీశ్వరుడు, తన ఇల్లు అమ్మనన్న ఒక చిన్న మనిషి ఇంటికి మూడు వైపులా 40 అడుగుల దాకా చెక్క గోడ లేపాడు, ఎండ పడకుండా. అలాంటి గోడల గోల ఎంత పాతదో చూడండి. టిబురాన్, రాంచో పాలోస్ వెర్డెస్ లాంటి కొన్ని ఊళ్ళలో చెట్లు పెరిగి వ్యూ పోతే కొమ్మలు కొట్టించుకునే స్థానిక చట్టాలు కూడా ఉన్నాయి, కానీ అవి ఆ ఊళ్ళవే.

విశాఖ వాసి
వకీలు గారూ, మీరు అడిగిన దానికి. ఇల్లూ ఆ ఖాళీ స్థలమూ రెండూ మొదట ఒకే కుటుంబానివి. ఇల్లు కట్టిందీ వాళ్ళే. 2009లో ఇల్లు మాకు అమ్మి స్థలం వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు, 2014లో దాన్ని ఇప్పుడున్న వాళ్ళకి అమ్మారు. 1998 నుంచి లెక్కేస్తే 2018కే ఇరవై ఏళ్ళు నిండాయి కదా, అంటే హక్కు వచ్చేసినట్టేనా?

సివిల్ వకీలు, కాకినాడ
సరిగ్గా ఇక్కడే ఎదుటి వకీలు మిమ్మల్ని పట్టుకుంటాడు. తన స్థలం మీద తనకే ఎవరికీ ఈజ్‌మెంట్ ఉండదు. 2009 దాకా రెండూ ఒకరివే కాబట్టి ఆ పదకొండేళ్ళూ లెక్కలోకి రావు. మీ ఇరవై ఏళ్ళు 2009 నుంచి మొదలవుతాయి, 2029కి గానీ నిండవు. 1998 అని దావాలో రాసుకుని వెళ్తే మొదటి వాయిదాలోనే ఇబ్బంది పడతారు.

కానీ మీరు ఇప్పుడు చెప్పిన సంగతి మీకు అంతకంటే మంచి దారి చూపిస్తోంది. అదే చట్టంలో 13వ సెక్షన్ ఉంది. ఒకే మనిషి తన ఆస్తిలో ఒక భాగం అమ్మి ఇంకో భాగం ఉంచుకున్నప్పుడు, అమ్మిన భాగం అప్పటిదాకా అనుభవించినట్టు అనుభవించడానికి కావలసినవి, కంటికి కనబడేవి, ఎడతెగకుండా సాగేవి అయిన సౌకర్యాలు కొన్నవాడికి వస్తాయి, డాక్యుమెంట్‌లో దానికి వ్యతిరేకంగా రాసి ఉంటే తప్ప. కిటికీలోంచి వెలుతురు రావడం ఎడతెగకుండా సాగే సౌకర్యమని చట్టంలో ఇచ్చిన ఉదాహరణలే చెప్తున్నాయి. కిటికీలున్న ఇల్లు ఒకరికీ, ఆ కిటికీల ఎదుటి స్థలం ఇంకొకరికీ అమ్మిన ఉదాహరణ కూడా అందులో ఉంది. దీనికి ఇరవై ఏళ్ళు అక్కర్లేదు, 2009లో రిజిస్ట్రేషన్ అయిన రోజే వచ్చింది. 2014లో కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళ కాళ్ళ మీదే నిలబడతారు, అమ్మినవాళ్ళకి లేని స్వేచ్ఛ వీళ్ళకి రాదు.

కాబట్టి మీ 2009 సేల్ డీడ్‌లో తూర్పు హద్దు దగ్గర ఏం రాశారో అక్షరం అక్షరం చదవండి. 'మా మిగులు స్థలం' అని ఉంటే మీకు చాలా బలం. 'తూర్పు వైపు కట్టడాలకు కొనుగోలుదారులకు అభ్యంతరం లేదు' లాంటి వాక్యం ఎక్కడైనా ఉంటే మాత్రం వెంటనే చెప్పండి. ఇదంతా కిటికీల వెలుతురుకీ గాలికే, బాల్కనీలోంచి కనబడే సముద్రానికి కాదు.

ప్లాటు ఓనర్, రాజమండ్రి
అందరూ ఒక వైపే మాట్లాడుతున్నారు, అవతలి వైపు నుంచి కూడా ఒకరు చెప్పాలి. జీతంలో మిగిల్చి స్థలం కొనుక్కుని, పిల్లలు ఎదిగాక కట్టుకుందామని ఆగితే, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంది కాబట్టి ఇక అలాగే ఉండాలని చుట్టుపక్కలవాళ్ళు అనుకోవడం న్యాయమా? మా పక్కాయన తన ఇంటి కిటికీలన్నీ మా ప్లాటు వైపే పెట్టాడు, తన వైపు సెట్‌బ్యాక్ ఒక్క అడుగు కూడా వదల్లేదు. రేపు మేం కడితే వెలుతురు పోయిందని మా మీద కేసు వేస్తాడా? విశాఖ వాసి గారి మీద కోపం లేదు, ఆ రేకులు తప్పే. కానీ నాలుగు అంతస్తులు ప్లాన్ ప్రకారం కట్టుకుంటే దాన్ని ఆపాలని చూడొద్దు.

సివిల్ వకీలు, కాకినాడ
రాజమండ్రి ఓనర్ గారి ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఏంటంటే, ఖాళీ స్థలం ఉన్నవాళ్ళు ఊరుకోకూడదు. పక్కవాళ్ళ కిటికీ మీ వైపు తెరిచి ఇరవై ఏళ్ళు నిండకముందే మీ హద్దులో అడ్డం కడితే వాళ్ళకి హక్కు పుట్టదు. అడ్డం కట్టాక వాళ్ళు తెలిసీ ఏడాది పాటు ఊరుకుంటే అది లెక్కకి తెగినట్టే. అలాగే అవతలివాళ్ళకి, అంటే ఇరవై ఏళ్ళ లెక్క మీద నిలబడే కిటికీవాళ్ళకి, అదే ఏడాది గడువు మెడమీద ఉన్నట్టు. ఇరవై ఏళ్ళ హక్కు కింద వెళ్ళేవాళ్ళు ఆ ఇరవై ఏళ్ళు దావా వేసే రోజుకి రెండేళ్ళ లోపల దాకా సాగి ఉండాలన్న షరతు కూడా మరచిపోకూడదు. చూద్దాంలే అని వాయిదా వేస్తే ఉన్న హక్కు కూడా పోతుంది.

లండన్ నుంచి
ఇక్కడా వెలుతురుకి ఇరవై ఏళ్ళే, 1832 చట్టం. వ్యూకి మాత్రం ఇక్కడా ఏమీ లేదు. 1997లో కెనరీ వార్ఫ్ టవర్ వల్ల టీవీ సిగ్నల్ పోయిందని వందలమంది వేసిన కేసులో కూడా కట్టడం అడ్డొచ్చినంత మాత్రాన దావా లేదనే హౌస్ ఆఫ్ లార్డ్స్ అంది. 2023లో టేట్ మోడర్న్ మ్యూజియం మీద ఎదురు ఫ్లాట్లవాళ్ళు గెలిచారు కదా అని ఎవరైనా అంటారేమో, అది వేరు. అక్కడ మ్యూజియం పైన గ్యాలరీ పెట్టి లక్షలమంది జనాన్ని నిలబెడితే వాళ్ళు ఎదురు ఫ్లాట్లలోకి రోజంతా తొంగి చూశారు, దాన్ని సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరి తేడాతో న్యూసెన్స్ అంది. పక్కింటివాళ్ళు మామూలుగా కిటికీలోంచి చూడటం దాని కిందకి రాదు.

కంచెల సంగతైతే ఇక్కడ ఇంటి వెనక రెండు మీటర్ల దాకా పర్మిషన్ అక్కర్లేదు, రోడ్డు పక్కనైతే ఒక మీటరే. ఎత్తుగా పెరిగే పచ్చటి మొక్కల కంచె రెండు మీటర్లు దాటి పక్కవాళ్ళకి ఇబ్బందైతే కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయవచ్చు, 2003లో చట్టం తెచ్చారు. అంతకుముందు ఆ మొక్కల గురించి జనం కొట్టుకునేదాకా వెళ్ళారు.

నిజాంపేట గృహిణి
వకీలు గారూ, మరి ఆ పక్కింటివాళ్ళు అంటున్న మాట, మా ఆడవాళ్ళు కనబడతారు అనేది, దానికి చట్టంలో చోటుందా? ఆ మాటలో కూడా కొంత న్యాయం ఉంది కదండీ.

సివిల్ వకీలు, కాకినాడ
ఉందమ్మా, కానీ అన్ని చోట్లా కాదు. ఫలానా ఊళ్ళో పక్కింటి లోపలి భాగం కనబడేట్టు కొత్త కిటికీ పెట్టకూడదన్న ఆచారం ఉంటే దాన్ని చట్టం గుర్తిస్తుంది, 18వ సెక్షన్. ఉత్తరాదిలో ఘోషా (ఆడవాళ్ళ పరదా) పాటించే చోట్ల 1888లోనే అలహాబాద్ హైకోర్టు గోకల్ ప్రసాద్ కేసులో ఆ ఆచారాన్ని ఒప్పుకుంది. ఆచారం ఉందని రుజువు చేయాల్సింది ఆ మాట చెప్పేవాళ్ళే. పైగా ఇక్కడ కిటికీలు 1998 నుంచీ ఉన్నాయి, ఇల్లు కట్టేది ఇప్పుడు వీళ్ళు. ముందున్న కిటికీని పట్టుకుని ఇది కొత్తగా మా మానం తీస్తోంది అనడం కుదరదు.

పాత సర్వేయర్
ముప్పై ఏళ్ళకి పైగా గొలుసు, టేపు, తర్వాత టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం పట్టుకుని తిరిగినవాణ్ణి. విశాఖ వాసి బాబూ, గోడ జానెడు లోపలికి వచ్చిందంటున్నావు. టేపు ఎలా పట్టుకున్నారు? కొండవాలు మీద నేల వెంబడి టేపు పరిస్తే పొడుగు ఎక్కువ చూపిస్తుంది. ప్లాటు కొలతలు ఎప్పుడూ సమతలంగా తీసినవి. పది డిగ్రీల వాలు మీద 60 అడుగుల టేపు నేల మీద పరిచావనుకో, నిజంగా నువ్వు కొలిచింది 59 అడుగులకి కాస్త పైన, దాదాపు 11 అంగుళాలు తేడా వస్తుంది. అలా కొలిచిన జానెడు లెక్క నమ్మడానికి లేదు. ఒకసారి టేపు బిగించి మట్టంగా పట్టుకుని, గుండు వేలాడదీసి, ముక్కలు ముక్కలుగా కొలిచి చూడు, లేకపోతే ఒక లైసెన్స్ సర్వేయర్ని పెట్టుకో.

లేఔట్ ప్లాటయితే ముందు అప్రూవ్డ్ లేఔట్ కాపీ తీసుకో, వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) అప్పట్లో ఇచ్చినది, 2018 నుంచి అది వీఎంఆర్‌డీఏ అయింది. లేఔట్ లేని పాత స్థలమైతే టౌన్ సర్వే నంబరు స్కెచ్, లేదా గ్రామం ఎఫ్ఎంబీ, అంటే సర్వే కొలతల పుస్తకం. మీ సేవలో ఎఫ్-లైన్ అర్జీ, అంటే హద్దులు కొలవమని, పెడితే ప్రభుత్వ సర్వేయర్ ఇద్దరికీ నోటీసు ఇచ్చి కొలుస్తాడు. మీ డీడ్‌లో గజాలకీ హద్దులకీ పొసగకపోతే కోర్టులు సాధారణంగా హద్దులనే పట్టుకుంటాయి, గజాలు తక్కువొచ్చాయని గోడ మీద పడకండి.

ఇంకో ముఖ్యమైన మాట. వాలు మీద ఉన్న గోడ ఉత్త కాంపౌండ్ వాల్ కాదు, మట్టిని ఆపే గోడ. పునాది దగ్గర వెడల్పుగా, పైకి వచ్చేకొద్దీ సన్నగా కడతారు. పైన ఒక చోట, అడుగున ఒక చోట కొలిస్తే రెండు లెక్కలొస్తాయి. పల్లంలో వాళ్ళు పునాదికి తవ్వారు కదా, ఆ తవ్వకం గోడకి ఎంత దూరంలో ఉంది?

లైసెన్స్‌డ్ ఇంజినీర్
సర్వేయర్ గారు అడిగింది ఈ థ్రెడ్ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. ఎవరూ దాని గురించి మాట్లాడకుండా సముద్రం గురించే మాట్లాడుతున్నాం. పల్లం వైపు నిటారుగా తవ్వేస్తే వానాకాలంలో పై స్థలం మట్టి జారుతుంది, విశాఖలో ఎర్రమట్టి కొండవాలు మీద తుపాను వాన ఒకటి పడితే చాలు. మీ గోడ మీద పగుళ్ళు ఏమైనా వచ్చాయా చూడండి. వస్తే పగులుకి అడ్డంగా సిమెంటు పట్టీ వేసి తేదీ రాయండి, పట్టీ పగిలితే కదలిక ఇంకా జరుగుతోందని అర్థం.

సివిల్ వకీలు, కాకినాడ
చట్టం కూడా దీనికి గట్టిగా ఉంది. స్థలం తన సహజ స్థితిలో నిలబడటానికి పక్క నేల ఇచ్చే ఆసరా ప్రతి యజమాని హక్కు, 7వ సెక్షన్ ఉదాహరణల్లోనే ఉంది. దీనికి ఇరవై ఏళ్ళు కాదు, ఒక్క రోజు కూడా అక్కర్లేదు. స్థలం మీద కట్టిన ఇంటి బరువుకి కూడా ఆసరా కావాలంటే మాత్రం ఆ హక్కు వేరేగా చూపించుకోవాలి. మీ కేసులో కోర్టు అన్నిటికంటే త్వరగా కదిలేది దీనికే.

కోనసీమ రైతు
మా వైపు గొడవలు కొబ్బరి చెట్లవీ దడులవీ. గట్టు మీద చెట్టు పక్కోళ్ళ దొడ్లోకి వాలితే కాయలు ఎవరివి అని తగువు. మా ఊరి పెద్దమనిషి కోర్టులో విని వచ్చి చెప్పిన మాట, మన స్థలం మీదికి వచ్చిన కొమ్మ మన హద్దు దాకా మనం కొట్టుకోవచ్చు, కానీ వాళ్ళ స్థలంలోకి దిగి కొట్టకూడదు, కాయలు చెట్టుగలవాడివే. చెట్టే మొదలంటా తీసేయాలంటే మాత్రం వాల్టా అని నీళ్ళూ చెట్ల రక్షణ చట్టం ఉంది, అనుమతి కావాలేమో కనుక్కోవాలి. ఇప్పుడు రీసర్వే అయిన ఊళ్ళలో ఎల్‌పీఎం (కొత్త భూమి మ్యాపు) నంబర్లు వచ్చాక పాత గట్లు కొన్ని చోట్ల కొత్త గీతకి సరిపోవడం లేదు, దాంతో తరాలుగా లేని తగువులు మొదలయ్యాయి. ఎవరైనా రీసర్వే నోటీసు వచ్చినప్పుడు పొలంలో నిలబడి చూసుకోండి. తర్వాత తిరగడం చాలా కష్టం.

పాత సర్వేయర్
రైతు గారు చెప్పింది అక్షరాలా నిజం. 1923 సర్వే హద్దుల చట్టం కింద హద్దు ఖరారైతే దాన్ని సివిల్ కోర్టులో ప్రశ్నించడానికి మూడేళ్ళే గడువు.

వరంగల్ కుర్రోడు
లా చదువుతున్న, ఒక్క ముచ్చట కలుపుతా. గోడ జాగ మాదంటే మాది అనే లొల్లి ఉన్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ దావా, అంటే ఆపమని అడిగే దావా, సరిపోదు. అనాతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి అని 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, మా వరంగల్ ప్లాట్ల కేసే. యాజమాన్యం మీదనే మబ్బు పడ్డప్పుడు డిక్లరేషన్, అంటే జాగ మాదే అని ప్రకటించమని, కూడా అడగాలి అని చెప్పింది. దేశమంతా సివిల్ కోర్టుల్లో రోజూ ఇదే చదువుతరు. కాబట్టి అన్నా, జానెడు జాగ సంగతి సర్వే అయినంక తేల్చుకుని, నిజంగా తేడా ఉంటేనే దావాల పెట్టు. లేకుంటే కిటికీల కేసు కాస్తా టైటిల్ కేసై కూసుంటది, ఏళ్ళు పడుతది.

మోడరేటర్
మంచి చర్చ జరుగుతోంది. డోర్ నంబర్లు, పక్కింటివాళ్ళ పేర్లు, వాళ్ళ ఇంటి ఫొటోలు ఇక్కడ పెట్టవద్దు. నిన్న పెట్టిన రెండు ఫొటోలు తీసేశాం.

విశాఖ వాసి
అందరికీ చాలా థాంక్స్. సేల్ డీడ్ చదివాను, తూర్పు హద్దు 'విక్రయదారుల మిగులు ఖాళీ స్థలము' అనే ఉంది, అభ్యంతరం లేదన్న వాక్యం ఎక్కడా లేదు. సర్వేయర్ గారు చెప్పినట్టు టేపు మట్టంగా పట్టి కొలిచాం, తేడా రెండు అంగుళాల్లోపే వచ్చింది, గోడ గొడవ వదిలేస్తున్నాం. కానీ తవ్వకం గోడకి చాలా దగ్గరగా ఉంది, గోడ మీద సన్నటి పగులు కూడా కనబడింది, పట్టీ వేశాం. ఆర్టీఐ పెట్టాం. రేపో మాపో వాళ్ళే ముందు కోర్టుకి వెళ్ళి మా మీద ఏదైనా ఆర్డర్ తెచ్చుకుంటే ఏం చేయాలి? సముద్ర తీరం కదా, సీఆర్‌జెడ్ (తీరం దగ్గర కట్టడాల మీద ఆంక్షల రూల్స్) కింద ఏమైనా ఆపవచ్చా అని మా బావ అడగమన్నాడు.

లైసెన్స్‌డ్ ఇంజినీర్
సీఆర్‌జెడ్ సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకానే. అందులో ఉన్నా, నగరంలో ఇప్పటికే ఉన్న రోడ్డుకి లోపలి వైపు అయితే రూల్స్ ప్రకారం కట్టుకోనిస్తారు. కొండవాలు కాలనీ అన్నారు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి.

సివిల్ వకీలు, కాకినాడ
ఎదుటివాళ్ళు మీకు తెలియకుండా ఆర్డర్ తెచ్చుకోకుండా ఉండాలంటే ఆ కోర్టులో కేవియట్ వేయండి, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 148ఏ. తొంభై రోజులు ఉంటుంది, తర్వాత మళ్ళీ వేసుకోవాలి. మీరే వెళ్ళేట్టయితే 39వ ఆర్డర్ కింద తాత్కాలిక ఇంజంక్షన్ అడగండి, దాంతోపాటు 26వ ఆర్డర్ 9వ రూలు కింద అడ్వకేట్ కమిషనర్‌ని వేయమని పిటిషన్ పెట్టండి. కమిషనర్ పగటి పూట వచ్చి మీ వంటగదిలో నిలబడి వెలుతురు ఎంత ఉందో, తవ్వకం ఎంత దూరంలో ఉందో రాసుకుంటే ఆ నివేదిక మీ మాట కంటే ఎక్కువ బరువు. మొత్తం బిల్డింగ్ ఆపమని అడగొద్దు, అలా అడిగితే జడ్జికి మీరు సముద్రం కోసం వచ్చారనిపిస్తుంది. రేకులు తీయాలి, కిటికీల ఎదుట ఇంత దూరం వదలాలి, గోడకి ఆసరా కట్టాలి, ఈ మూడే. బిల్డింగ్ పూర్తయ్యాక పడగొట్టమని అడిగితే కోర్టులు ఎక్కువగా నష్టపరిహారం వైపే మొగ్గుతాయి, కాబట్టి మూడో శ్లాబు పడేదాకా ఆగకండి.

పోలీసులు సివిల్ మ్యాటర్ అనడంలో పూర్తిగా తప్పు లేదు. భూమి గొడవ కొట్లాట దాకా వచ్చేట్టుంటే ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 164 (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) కింద, పాత చట్టంలో 145, తహసీల్దార్ స్థాయిలో చూస్తారు, అది కూడా ఎవరి స్వాధీనంలో ఉందనేది మాత్రమే. మీకు అది అక్కర్లేదు.

నోటీసు ఇచ్చాక వాళ్ళు మాట్లాడదామంటే కాదనకండి. దావా వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

విశాఖ వాసి
చాలా రోజుల తర్వాత వస్తున్నాను, చెప్పాల్సిన బాధ్యత ఉంది. ప్లాన్ కాపీ వచ్చింది. మా వైపు వదలాల్సిన ఖాళీలో మెట్ల గది ముందుకి వచ్చింది, అది ప్లాన్‌లో లేదు. లాయర్ గారి ద్వారా నోటీసు ఇచ్చాం, 13వ సెక్షన్ గురించీ, గోడ ఆసరా గురించీ రాశారు. నోటీసు వెళ్ళిన వారంలోనే వాళ్ళ పెద్దబ్బాయి వచ్చి కూర్చుని మాట్లాడాడు, మా నాన్నగారు కూడా శాంతంగానే మాట్లాడారు. రేకులు మా రెండు కిటికీల ఎదుట తీసేస్తాం, దాని బదులు మీరు కిటికీలకి సగం దాకా మసక అద్దం వేయించుకోండి అన్నారు, ఒప్పుకున్నాం. మట్టి ఆపే గోడ వాళ్ళ ఖర్చుతో కడతారట. మెట్ల గది వెనక్కి జరపడానికి ఇంజినీర్‌తో మాట్లాడి చెప్తామన్నారు. బాల్కనీ ఎదుట మాత్రం నాలుగు అంతస్తులూ వస్తాయి, దాని గురించి మేం ఏమీ అడగలేదు. ఇదంతా లోక్ అదాలత్‌లో రాయించుకోవాలనుకుంటున్నాం, ఏం రాయించాలో చెప్పగలరా?

సివిల్ వకీలు, కాకినాడ
చాలా మంచి పని చేశారు, నాన్నగారికి నమస్కారాలు చెప్పండి. రాజీ పత్రంలో 'రేకులు తీసివేయుదురు' అని ఊరికే రాయించొద్దు, ఏ కిటికీ ఎదుట, నేల నుంచి ఎంత ఎత్తు పైన, ఏ తేదీలోగా అని రాయించండి, ముందు ముందు ఆ చోట ఇంకేదీ కట్టకూడదని కూడా. మట్టి గోడకి ఇంజినీర్ డ్రాయింగ్ జతపరచి ఇద్దరూ సంతకం పెట్టండి. రేపు వాళ్ళు ఫ్లాట్లు అమ్మితే కొన్నవాళ్ళకి కూడా ఇది వర్తిస్తుందని ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. మెట్ల గది సంగతి తేలకముందు సంతకం పెట్టకండి.

పాత సర్వేయర్
డ్రాయింగ్‌లో మీ ఇంటి తూర్పు గోడ నుంచి వాళ్ళ గోడకి దూరం మూడు చోట్ల రాయించు బాబూ, రెండు చివర్లా మధ్యలోనూ, మట్టంగా కొలిచి.